మెఫీబోషెతు భూమి, సీబా చేయి: మన తరువాత మనవారిని ఎవరు చూస్తారు?

పాఠ్యభాగములు: 2 సమూయేలు 9 అధ్యాయము, 16:1-4, 19:24-30, గలతీయులకు 4:1-2, 1 తిమోతికి 5:8, సామెతలు 12:10



చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలోని మన సంఘములలో ఒక మరణము సంభవించినప్పుడు అందరము వెళ్తాము. పాటలు పాడుతాము, ప్రార్థన చేస్తాము, ఆదరణ కూడికకు బియ్యమో రూకలో ఇచ్చి చేయి వేస్తాము. కూడిక ముగిసి, దూరపు బంధువులు బస్సెక్కి పోయిన తరువాత ఒక ప్రశ్న ఆ యింటి అరుగు మీద మిగిలిపోతుంది: "ఇక ఈ బిడ్డను ఎవరు చూస్తారు?" ఆ బిడ్డ మేధో వైకల్యము గల కుమార్తె కావచ్చు. మంచముపట్టిన తల్లి కావచ్చు. చదువు ముగియని మనుమడు కావచ్చు. కొట్టములో రెండు పాడి ఆవులు, వాకిట ఒక కుక్క కూడా అదే ప్రశ్నతో చూస్తుంటాయి.

ఆస్తి ఉన్న గొప్పవారికే వీలునామా అని మనలో చాలామంది తలంపు. మరికొందరు వీలునామా మాట ఎత్తితేనే చావును పిలిచినట్లు భావిస్తారు. ఈ పాఠములో మేము చెప్పదలచినది ఒక్కటే: చట్టము వాటా ఇస్తుంది గాని సంరక్షణ ఇవ్వదు. సంరక్షణను మనము బ్రదికి యుండగానే వ్రాసి పెట్టాలి.

1. మెఫీబోషెతుకు ఏమి జరిగింది?

యోనాతాను కుమారుడైన మెఫీబోషెతు అయిదేండ్ల ప్రాయములో దాది చేతిలోనుండి పడి రెండు కాళ్ళూ కుంటివాడయ్యాడు. దావీదు రాజు అతనిని వెదకి పిలిపించి, సౌలు భూమి అంతయు అతనికి తిరిగి ఇచ్చాడు. తన బల్ల యొద్దనే భోజనము పెట్టాడు. భూమి మాత్రము ఇచ్చి ఊరుకోలేదు. నడవలేనివాడు దున్నలేడు గదా! అందుచేత సీబాను, అతని 15 మంది కుమారులను, 20 మంది దాసులను సాగుకు నియమించాడు. వాటా, భోజనము, పనివారు అనే మూడు ఏర్పాట్లూ ఉన్నాయి.

గాని ఒక లోపము మిగిలింది. భూమి, పంట, గాడిదలు, యజమానుని గూర్చి రాజుకు చెప్పవలసిన మాట, అన్నీ ఒక్క సీబా చేతిలోనే ఉన్నాయి. అబ్షాలోము తిరుగుబాటు దినములలో సీబా గాడిదలతోను 200 రొట్టెలతోను రాజునకు ఎదురు వచ్చి, తన యజమానుడు రాజ్యమాశించి యెరూషలేములోనే ఉండిపోయాడని చెప్పాడు. దావీదు విచారించకుండానే ఆస్తి అంతా సీబాకు ఇచ్చివేశాడు. తరువాత మెఫీబోషెతు వచ్చి, నేను కుంటివాడను, గాడిద ఎక్కి వద్దామనుకొంటిని, నా సేవకుడు నన్ను మోసము చేశాడని విన్నవించాడు. అప్పుడు కూడా భూమిని చెరిసగము పంచుకొనుడనే రాజు చెప్పాడు.

ప్రేమ ఉన్నది, ఆస్తి ఉన్నది, మనిషి ఉన్నాడు. కాని ఆ మనిషిని లెక్క అడిగేవారు లేరు. మన ఇండ్లలో జరిగే మోసములు కూడా ఎక్కువ భాగము ఇట్టివే.

2. వ్రాయకుండా పోతే

ఒక ఇంటిని తలంచుకుందాము. బాగేపల్లి వైపు ఒక నాయన. 3 ఎకరముల భూమి, అందులో మల్బరీ తోట, ఒక బోరుబావి, డెయిరీకి పాలు పోసే రెండు ఆవులు. భార్య ఉన్నది. పెద్దకొడుకు బెంగళూరులో, చిన్నకొడుకు చింతామణిలో. నడిమి కూతురికి 34 ఏండ్లు. స్నానము, అన్నము అన్నీ తల్లి చేతి మీదనే. నాయన ఏమీ వ్రాయకుండా కన్నుమూశాడు.

క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారతీయ వారసత్వ చట్టము ప్రకారము భార్యకు మూడవ వంతు. మిగిలిన రెండు వంతులు పిల్లలకు సమానము. కొడుకు, కూతురు అనే భేదము లేదు. అనగా తల్లికి 1 ఎకరము, ముగ్గురు పిల్లలకు ఒక్కొక్కరికి 26 గుంటల పైచిలుకు. పిల్లలే లేకపోతే భార్యకు సగము, మిగిలిన సగము భర్త తరపు రక్తబంధువులకు. భార్య ముందుగా మరణిస్తే భర్తకు కూడా ఇవే వాటాలు.

లెక్క న్యాయముగానే ఉన్నది. కాని ఆ కూతురు తన 26 గుంటలను ఏమి చేసుకుంటుంది? దున్నలేదు, గుత్తకు ఇవ్వలేదు, బ్యాంకులో సంతకము చేయలేదు. చిన్నన్న దున్నుతాడు. మంచివాడైతే అన్నము పెడతాడు. రేపు అతడే పోతే? అతని భార్యకు విసుగు పుడితే? తల్లి కూడా పోయిన తరువాత ఆ కూతురు రెండు ఇండ్ల నడుమ బస్సులో మూటవలె తిరుగుతుంది. ఇందులో చట్టము తప్పేమీ లేదు. మనము వ్రాయలేదు, అంతే.

ఇంకొక సంగతి. ఎవరి బిడ్డనో తెచ్చి, కాగితము లేకుండా పెంచుకున్నవారు మన సంఘములలో ఉన్నారు. భర్త మొదటి భార్య బిడ్డను స్వంత బిడ్డగా పెంచిన తల్లులు ఉన్నారు. చట్ట ప్రకారము దత్తత జరగని పెంపుడు బిడ్డకు గాని, సవతి బిడ్డకు గాని వీలునామా లేకపోతే మన ఆస్తిలో వాటా రాదు. దేవుని యెదుట మీరు అమ్మానాయనలే. తాలూకా ఆఫీసులో మాత్రము కారు.

3. వీలునామా వ్రాయు విధము

వీలునామాకు స్టాంపు కాగితము అక్కరలేదు. తెల్లకాగితము చాలును. తెలుగులో వ్రాయవచ్చు. 18 ఏండ్లు నిండి, మనస్సు స్థిమితముగా ఉన్న ఎవరైనా వ్రాయవచ్చు. చదువు రానివారు వేలిముద్ర వేయవచ్చు. చేయవలసినవి ఇవి:

(అ) ఇద్దరు సాక్షులు ఉండాలి. మీరు సంతకము చేయుట వారు చూడాలి. మీ యెదుటనే వారు కూడా సంతకము చేయాలి.

(ఆ) ఆస్తి పొందేవారిని గాని, వారి భర్తను లేక భార్యను గాని సాక్షిగా పెట్టకండి. క్రైస్తవుల విషయములో సెక్షన్ 67 ప్రకారము అట్టి సాక్షికి వ్రాసిన వాటా చెల్లదు. "మా కోడలే సాక్షి" అని కొడుకు వాటా పోగొట్టవద్దు.

(ఇ) వీలునామాను అమలు చేయవలసిన వ్యక్తి పేరు వ్రాయండి. అతడు లేకపోతే ఇంకొకరు ఎవరో అదికూడా వ్రాయండి.

(ఈ) వివాహము జరిగితే పాత వీలునామా రద్దవుతుంది (సెక్షన్ 69). హిందువులకు ఈ నియమము లేదు. మనకు ఉన్నది. భార్య పోయిన తరువాత మరల వివాహము చేసుకున్నవారు తప్పక కొత్త వీలునామా వ్రాయాలి. లేకపోతే మొదటి భార్య బిడ్డల కొరకు చేసిన ఏర్పాటు తెలియకుండానే పోతుంది.

(ఉ) మైనరు బిడ్డలకు సంరక్షకుని తండ్రి వీలునామాలో నియమించవచ్చు (సెక్షన్ 60). తల్లి కూడా తన కోరికను వ్రాసి పెట్టుట మంచిది. సంరక్షకుని నియమించునప్పుడు చనిపోయిన తల్లి లేక తండ్రి కోరికను కోర్టు తలంచాలని 1890 నాటి సంరక్షకుల చట్టము చెప్పుచున్నది.

రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. గడువు కూడా లేదు. అయినను సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో చేయించుట మంచిది. తరువాత "ఇది నాయన వ్రేలిముద్ర కాదు" అని అనుటకు ఎడము తగ్గుతుంది. తెలుగు అధికారికి తెలియకపోతే కన్నడ తర్జుమా జతపరచాలి. 2002 సవరణ తరువాత భారతీయ క్రైస్తవుల వీలునామాకు కోర్టులో ప్రొబేటు తీయుట తప్పనిసరి కాదు. మనస్సు మారితే మార్చి వ్రాయవచ్చు. బ్రదికినంత కాలము ఆస్తి మీదే.

బ్యాంకులో నామినీ పేరు ఉన్నది గదా అని కొందరు అంటారు. డిపాజిట్టులో నామినీ సొమ్ము పుచ్చుకొనేవాడే గాని, దానికి యజమాని కాడని 2010లో సుప్రీంకోర్టు స్పష్టము చేసింది. బీమాలో మాత్రము 2015 సవరణ తరువాత తల్లిదండ్రులు, భార్య లేక భర్త, పిల్లలు నామినీలైతే సొమ్ము వారికే చెందుతుంది. కాబట్టి నామినేషను, వీలునామా రెండూ ఒకే మాట చెప్పేలా చూచుకోవాలి.

4. ట్రస్టు: సీబాకు లెక్క అడుగు ఏర్పాటు

వారసుడు బాలుడై యున్నంతకాలము తండ్రి నిర్ణయించిన దినము వరకు సంరక్షకుల చేతిక్రింద ఉంటాడని పౌలు గలతీయులకు వ్రాశాడు. ట్రస్టు అనగా ఇదే. ఆస్తి ఒకరి పేర ఉంటుంది. దాని ఫలము మాత్రము మరియొకరిది. ఆస్తిని పట్టుకొనేవాడు ట్రస్టీ. ఫలము అనుభవించేది మన బిడ్డ. 1882 నాటి భారతీయ ట్రస్టుల చట్టము దీనికి ఆధారము.

దీనిని వీలునామాలోనే వ్రాయవచ్చు. బ్రదికి యుండగానే భూమితో ట్రస్టు పెట్టాలంటే రిజిస్టరు పత్రము కావాలి. వీలునామా ద్వారా అయితే మరణము తరువాత అమలవుతుంది. పైన చెప్పిన నాయన ఇట్లు వ్రాసి యుండవచ్చును: "నా కూతురి వాటాయైన 1 ఎకరమును, బ్యాంకులోని డిపాజిట్టును ఇద్దరు ట్రస్టీలకు అప్పగించుచున్నాను. ఒకరు నా చిన్నకొడుకు, ఒకరు నా చెల్లెలి కుమారుడు. భూమి గుత్త, డిపాజిట్టు వడ్డీ నా కూతురి తిండి, బట్ట, మందులకు ఖర్చు చేయాలి. ఆమె బ్రదికినంత కాలము భూమి అమ్మరాదు. ఆమె తరువాత, ఆమెను ఎవరు ఇంట ఉంచుకొని చూచిరో వారికి సగము, మిగిలినది తక్కిన పిల్లలకు."

నాయన తనకు స్వంతమైన ఆస్తిలో ఎవరికి ఎంతైనా వ్రాయవచ్చు గనుక, కూతురికి 26 గుంటలు కాక ఒక ఎకరమే వ్రాయుట తప్పు కాదు. ఆమె అవసరము ఎక్కువ. అయితే ఎందుకు ఎక్కువ వ్రాశారో కొడుకులకు ముందే చెప్పాలి.

ట్రస్టీ లెక్క వ్రాయాలి, అడిగితే చూపించాలి. ట్రస్టు సొమ్మును స్వంత లాభమునకు వాడరాదు. వాడితే నష్టము కట్టి ఇవ్వాలి. ఇది చట్టము చెప్పే మాట. దానికి మనము మూడు జాగ్రత్తలు జతచేయాలి. మొదటిది, ఒక్కరిని కాక ఇద్దరిని పెట్టండి. యెరూషలేము పేదల కొరకైన కానుకను పౌలు కూడా ఒంటరిగా మోయలేదు. తోడు మనుష్యులతో పంపాడు (2 కొరింథీ 8:18-21). రెండవది, బిడ్డ ఎవరి ఇంట ఉంటుందో వారే సొమ్ము అంతా పట్టుకొనకుండా చూడండి. అన్నము పెట్టే చేయి ఒకటి, లెక్క చూచే చేయి ఒకటి ఉండుట మేలు. మూడవది, ముందుగా అడగండి. ట్రస్టీగా ఉండుటకు ఎవరినీ బలవంతము చేయలేము. సమాధి దగ్గర ఆశ్చర్యము కలిగించకండి.

మేధో వైకల్యము, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యములు గల వారికి 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద ఇంకొక మార్గము ఉన్నది. 18 ఏండ్లు నిండిన తరువాత కూడా వారికి చట్టబద్ధమైన సంరక్షకుని నియమించుటకు జిల్లాలో స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. జిల్లాధికారి అందులో సభ్యుడు. మన జిల్లా 2007లో కోలారు నుండి వేరుపడినది గనుక ఇప్పుడు కోలారు వరకు పోనక్కరలేదు. చిక్కబళ్ళాపురం డి.సి. ఆఫీసులోనే విచారించండి. తల్లిదండ్రులు బ్రదికి యుండగానే ఈ దరఖాస్తు పెట్టుట ఎంతో మేలు.

వృద్ధ తల్లిదండ్రులకు ఒక మాట. "ఇప్పుడే వ్రాసి ఇచ్చేయండి, మేము చూచుకుంటాము" అని పిల్లలు అడిగితే దానపత్రము తొందరపడి చేయకండి. దానము ఇచ్చివేస్తే చేయి దాటినట్లే. చేయక తప్పకపోతే, మమ్మును పోషించాలి అను షరతు పత్రములోనే వ్రాయించండి. ఆ షరతు తప్పితే 2007 నాటి వృద్ధుల పోషణ చట్టము సెక్షన్ 23 క్రింద పత్రమును రద్దు చేయమని అడగవచ్చు.

5. కొట్టములోని ఆవు, వాకిట కుక్క

నీతిమంతుడు తన పశువుల ప్రాణమును కూడా లెక్కచేస్తాడని సామెతల గ్రంథము బోధిస్తున్నది. కొందరికి ఇది నవ్వుగా ఉండవచ్చు. కాని ఒంటరి వృద్ధురాలికి ఆమె కుక్కయే తోడు. ఆమె పోయిన మూడవ నాడు ఆ కుక్క వీధిలో ఉంటుంది. ఆకలిదప్పులతో బాధపడేలా పశువును విడిచిపెట్టుట 1960 నాటి జంతు హింస నివారణ చట్టము ప్రకారము నేరము కూడా.

మన చట్టములో పశువు ఆస్తియే గాని ఆస్తి పొందేది కాదు. ట్రస్టు ఫలము పొందేవాడు ఆస్తి కలిగియుండ శక్తిగలవాడై ఉండాలని 1882 చట్టము చెప్పుచున్నది. కాబట్టి "నా కుక్కకు 50,000 రూపాయలు" అని వ్రాస్తే చెల్లదు. మార్గము ఏమంటే, కుక్కను ఒక మనిషికి వ్రాయాలి. దాని పోషణకు ఇంత సొమ్ము అని ఆ మనిషికే వ్రాయాలి. ఇంకొకరిని చూచి రమ్మని చెప్పాలి. 2024 అక్టోబరులో మరణించిన పారిశ్రామికవేత్త రతన్ టాటా తన పెంపుడు కుక్క టీటోను తన వంటమనిషి సంరక్షణలో ఉంచుటకు వీలునామాలో ఏర్పాటు చేశారని పత్రికలు వ్రాశాయి. కుక్కను ఎరిగిన మనిషికే కుక్కను అప్పగించుట అందులోని జ్ఞానము.

అతిగా వ్రాయుట కూడా మంచిది కాదు. 2007లో మరణించిన అమెరికా ధనికురాలు లియోనా హెల్మ్స్‌లీ తన కుక్క కొరకు 1 కోటి 20 లక్షల డాలర్లు పెట్టి, ఇద్దరు మనుమలకు ఏమీ ఇవ్వలేదు. మరుసటి ఏడు కోర్టు కుక్క సొమ్మును 20 లక్షల డాలర్లకు తగ్గించింది. మన లెక్క చిన్నది. నెలకు 1,500 రూపాయల చొప్పున 8 ఏండ్లకు 1,44,000 అవుతుంది. అంత లేకపోతే ఉన్నంతలోనే వ్రాయండి. సొమ్ము లేకపోయినా పేరు వ్రాయండి.

పాడి ఆవుల సంగతి వేరు. అవి తోడు మాత్రమే కాదు, జీవనాధారము. ఎవరు పాలు పిండుతారో, డెయిరీ పాల సొమ్ము ఎవరి ఖాతాకు పోతుందో, ఆవు మీద అప్పు ఎంత ఉన్నదో వ్రాయాలి. వైకల్యము గల కూతురిని ఎవరు చూస్తారో వారికే ఆవులను వ్రాసి, పాల సొమ్ములో ఇంత ఆమెకు అని చెప్పుట ఎన్నో ఇండ్లకు సరిపోయే ఏర్పాటు.

6. మన ప్రాంతపు కాగితములు, దేవుని పనికి ఇచ్చుట

మన ఇండ్లలో పహణిలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు, బాప్తిస్మము రిజిస్టరులో ఒక పేరు ఉంటుంది. వీలునామాలో "ఫలానా అను నామాంతరముగల ఫలానా" అని అన్ని పేర్లూ వ్రాయించండి. లేకపోతే మరణము తరువాత పౌతి ఖాతా మార్చునప్పుడు బిడ్డలు ఆఫీసుల చుట్టు తిరగాలి. కాగితములలో మతము ఒక విధముగా, జీవితము ఒక విధముగా ఉన్నవారికి ఏ వారసత్వ చట్టము వర్తిస్తుందనే తగవు కూడా రావచ్చును. అట్టివారు వీలునామా వ్రాయుట మరి అవసరము.

ప్రభుత్వము మంజూరు చేసిన భూమి ఉన్న షెడ్యూల్డు కులముల కుటుంబములు జాగ్రత్తగా ఉండాలి. 1978 నాటి కర్ణాటక చట్టము అట్టి భూమి బదిలీని అడ్డగించింది. వీలునామాను అది బదిలీగా లెక్కించలేదు. అయినను మంజూరు పత్రములోని షరతులను వకీలుకు చూపించి తరువాతనే వ్రాయండి. నెల్లూరు, ప్రకాశం, అనంతపురం వైపు స్వగ్రామములో ఇంకను భూమి ఉన్నవారు ఆ సర్వే నంబర్లను కూడా చేర్చండి.

సంఘమునకు వ్రాయుటకు పూర్వము క్రైస్తవులకు ఒక కట్టడి ఉండెను. సమీప బంధువులున్నవారు ధర్మకార్యమునకు వ్రాసిన వీలునామా, మరణమునకు 12 నెలల ముందుగా వ్రాయబడి యుంటేనే చెల్లేది. జాన్ వల్లమట్టం వ్యాజ్యములో 2003లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ 118ను కొట్టివేసింది. ఇప్పుడు ఆ అడ్డు లేదు. అయితే పెద్దలకు, దైవసేవకులకు మా మనవి: రోగి మంచము దగ్గర సంఘము కొరకు సంతకము అడగవద్దు. బలవంతముతో వ్రాయించిన వీలునామా చెల్లదు (సెక్షన్ 61). చెల్లినను, స్వకీయులను సంరక్షింపనివానిని గూర్చి తిమోతి పత్రికలోని గద్దింపు ముందుగా మన మీదికే వస్తుంది. మొదట వైకల్యము గల కూతురు, తరువాత కానుక.

సిలువ మీద శ్రమపడుచుండగా మన ప్రభువు తన తల్లిని చూచి, ప్రియశిష్యుని చూచి, ఆమెను పేరుపెట్టినట్లుగా అతనికి అప్పగించాడు. ఆ గడియనుండి అతడు ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు (యోహాను 19:26-27). "దేవుడే చూచుకుంటాడు" అని ఆయన ఊరుకోలేదు. ఒక మనిషిని చూపించాడు. ఇద్దరూ వినేలా చెప్పాడు.

ఆలోచించి చర్చించుటకు ప్రశ్నలు

1. మీరు లేకపోతే మొట్టమొదట ఇబ్బంది పడేది ఎవరు? వారి ఒక్క దినపు అవసరములను వ్రాయండి.
2. వారికి అన్నము పెట్టేవారు ఎవరు? లెక్క చూచేవారు ఎవరు? ఇద్దరినీ అడిగారా?
3. మీ పహణి, బ్యాంకు పుస్తకము, బీమా పత్రము ఎక్కడ ఉన్నవో మీ ఇంటిలో ఇంకొకరికి తెలుసా?
4. దావీదు సీబాను విచారించి యుంటే మెఫీబోషెతు గతి ఎట్లుండేది? మన సంఘములో అట్టి విచారణ చేయగల పెద్దలు ఎవరు?
5. మీ కొట్టములోని, వాకిటిలోని మూగజీవులకు ఒక పేరు వ్రాశారా?

ఈ పాఠము చదివిన వారము మొదటి ప్రశ్నకు జవాబు ఒక కాగితము మీద వ్రాయండి. అది వీలునామా కాదు గాని, దాని మొదటి పంక్తి. తరువాత దానిని తీసుకొని తెలిసిన వకీలు దగ్గరకు వెళ్ళండి. ఒక్కొక్క ఇంటి సంగతి వేరు గనుక ఈ పాఠమును చూచి మాత్రమే సంతకములు చేయవద్దు.

ప్రార్థన: ప్రభువా, మాకు అప్పగించిన బలహీనులను మేము కన్నుమూసిన తరువాత కూడా ప్రేమించే జ్ఞానము మాకు దయచేయుము. మా చేతికి ఇతరుల బిడ్డలు అప్పగింపబడితే సీబావలె గాక, నమ్మకమైన గృహనిర్వాహకులవలె నడిపించుము. ఆమేన్.